మడమ మాస్టారు

వీధిలో అందరూ ఆయన్ని మడమ మాస్టారంటారు. నడక సరిగా రాని పిల్లల కాళ్లకు, పాదాన్ని సరిగ్గా నిలిపి ఉంచే బ్రేసులు చేస్తాడు. తొడిగాక మడమ కిందికి కాగితం ముక్క తోసి చూస్తాడు. దూరిందంటే మడమ ఆనలేదన్నమాట, పని మళ్లీ మొదటికే. పనిలో అంత పట్టుదల. మనిషి మాత్రం ఒంటికాయ శొంఠికొమ్ము. షాపు వెనక గది, ఒక కుర్చీ, ఒక కంచం. ఆదివారాలు వచ్చే చెల్లెలూ, ఎనిమిదేళ్ల మేనల్లుడూ తప్ప మాటకు మనిషి లేడు.

మేనల్లుడికి కండరాలు ఏటేటా కరిగిపోయే జబ్బు, మస్క్యులర్ డిస్ట్రఫీ. పొట్ట ముందుకు తోసి, మునివేళ్ల మీద ఊగుతూ నడుస్తాడు. ఆ నడక ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. ఉన్నన్నాళ్లు కాపాడుకోవాలి, అంతే.

"మామయ్యా, నేను బాతులా నడుస్తానంట."

"బాతు నయంరా. నువ్వు కొంగవి."

ఎవర్నీ అడక్కుండా వాడికి గట్టి ప్లాస్టిక్ బ్రేసులు చేశాడు. అంత నున్నగా జన్మలో ఇంకేదీ చేసి ఉండడు. తొడిగితే మడమలు రెండూ నేలకానాయి. వాడు రెండడుగులు వేసి బల్ల పట్టుకున్నాడు.

"అలవాటవుతుంది. పగలంతా ఉంచు" అన్నాడు చెల్లెలితో.

మరుసటి ఆదివారం ఆమె వాణ్ణి ఎత్తుకొచ్చింది. మోకాలికి కట్టు.

"బడిలో మూడుసార్లు పడ్డాడు, అన్నయ్యా. ఫిజియోథెరపిస్టు చూసి తిట్టింది. తొడల్లో బలం లేకే వీడు వేళ్ల మీద నిలబడి ఒళ్లు సర్దుకుంటున్నాడంట. మడమ దించితే ఆసరా తీసేసినట్టేనంట. ఇవి పడుకున్నప్పుడు పెట్టాలి, పిక్కలు బిగుసుకోకుండా. నడిచేటప్పుడు కాదు."

ఆయన కిందకూచుని పట్టీలు విప్పాడు.

"నీకు మడమే కనబడింది. వాడు కనబడలేదు" అందామె.

తప్పు ఆయనదే, వాదన లేదు. పని రానివాడు చేసే తప్పు కాదిది. చేతి మీద నమ్మకం ముదిరినవాడు చేసేది.

వాడు వేళ్ల మీద లేచి గడప దాకా వెళ్లి ఆగాడు. మునుపు దాటేవాడు. ఆయన చెయ్యి చాపాడు. వాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. ఆ తర్వాతా అంతే. ఆయనే బ్రేసుల లోపల మెత్తటి పొర అతికించి, పడుకునేటప్పుడు పెట్టుకునేలా సరిచేసి తీసుకెళ్లాడు. చెల్లెలు తలుపు సగం తీసి అందుకుంది.

"వాడికి ఎక్సర్‌సైజు టైము, అన్నయ్యా."

తలుపు మూసుకుంది. ఆయన మెట్ల దగ్గర ఆగాడు. లోపల అడుగులు. మునివేళ్ల నడకకు చప్పుడు పెద్దగా ఉండదు, చెవి పెట్టాలి. గది ఆ చివరిదాకా వెళ్లాయి. కాసేపు ఏమీ వినబడలేదు. మళ్లీ ఇటు తిరిగాయి. అవి ఆగేదాకా ఆయన కదల్లేదు.