పదిహేను నిమిషాల రొయ్యల వేపుడు

డెబ్బైల చివర్లో, ఒక వేసవి ముగుస్తుండగా, నన్ను తిరువళ్ళూరుకు వంట ప్రదర్శకురాలిగా వేశారు. ఆడవాళ్ళ సంక్షేమం కోసం నడిచే ఒక సంస్థలో అది నా రెండో పోస్టింగు. మద్రాసు నుంచి అచ్చయి వచ్చిన కాగితంలో ఏ వంటకం ఉంటే దాన్ని మహిళా సంఘాల ముందు చేసి చూపించడం నా పని. ఆ కాగితాన్ని షీటు అనేవాళ్ళం. ఏ దినుసు ఎంత, ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో ఉంటాయి. అందులో ఒక్క అక్షరం మార్చే అధికారం ప్రదర్శకురాలికి లేదు. నా పైన సూపర్‌వైజరు, ఆయన పైన ఆఫీసరు.

ఆ ఏడాది వచ్చిన షీటు ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ కోసం. పనిరోజుల్లో రాత్రి భోజనానికి రొయ్యలు, బెంగుళూరు మిరపకాయల వేపుడు. సమయం పదిహేను నిమిషాలు. తిరువళ్ళూరు నుంచి ఆవడికి కుట్టు పనికీ ప్యాకింగు పనికీ పోయే ఆడవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. సాయంత్రం కరెంటు రైలు దిగి ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటేది. వాళ్ళకు పనికొచ్చే వంట అనే నేనూ నమ్మాను. ఆరంబాక్కం వైపు నుంచి రొయ్యలు బుట్టల్లో మార్కెట్టుకు వచ్చేవి. బెంగుళూరు మిరపకాయ అరుదుగా దొరికేది కాబట్టి బజ్జీ మిరపకాయలు వాడుకోవచ్చని పైనుంచి అనుమతి తెచ్చుకున్నాను.

ప్రదర్శనను ఆఫీసరు పెద్ద సభగా చేయించారు. ఆడవాళ్ళతో పాటు వాళ్ళ భర్తలనూ పిలిచారు. సభ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. ఆరింటి నుంచే తెర వెనక ఇద్దరు ఆయాలు, నేను కూర్చుని అరకిలో రొయ్యలు ఒలిచాం. తల తుంచి, పెంకు తీసి, వీపు మీద నల్లటి నరం లాగి, ఉప్పు పసుపు వేసి రెండుసార్లు కడిగాం. ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరపకాయలు తరిగి గిన్నెల్లో పెట్టాం. మిరియాలు దంచాం. కిరోసిను పంపు స్టవ్ వెలిగించే ఉంచాం. ప్రతి ప్రదర్శనకూ అలాగే చేసేవాళ్ళం. తప్పని నాకెప్పుడూ తోచలేదు.

తెర తీశాక వెడల్పాటి ఇనప బాణలిలో నూనె పోసి ఉల్లిపాయలు, వెల్లుల్లి వేయించాను. మిరపకాయ ముక్కలు వేసి, అవి కాస్త మెత్తబడ్డాక రొయ్యలు వేశాను. అవి ఎర్రబడి చుట్టుకుంటే దించెయ్యాలి. ఇంకొంచెంసేపు ఉంచితే రబ్బరులా సాగుతాయి. చివర్లో మిరియాల పొడి చల్లి దించాను. ఆఫీసరు చేతి గడియారం చూసి, మైకులో పదమూడే నిమిషాలని ప్రకటించారు. ఇకమీదట ఎవరూ ఆకలితో కాచుక్కూర్చోనక్కరలేదని మగవాళ్ళ వైపు తిరిగి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు మంటే.

మరుసటి వారం సంఘానికి మరియమ్మ వచ్చింది. ఆవడిలో కుట్టు పని చేసే మనిషి. కుడి చేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగాను.

"స్టవ్వు ఎగసింది టీచరమ్మా. సీక్రం కావాలని పంపు గెట్టిగా కొట్టేసినాను."

"అంత తొందరేమొచ్చింది?"

"ఆయన గడియారం ఎదురుగా పెట్టుకోని కూసున్నాడు. పదైదు నిమిసాలంట. మీరు చేసి చూపిస్తిరి గదా. నాకు రొయ్యలు ఒలిచేదానికే ముప్పావు గంట పట్టింది. నా చెయ్యే మందమో ఏమో. యాడ తప్పు చేస్తా ఉండానో చెప్పండి టీచరమ్మా."

ఆమె నన్ను నిలదీయడం లేదు. తప్పు తన చేతుల్లోనే ఉందనుకుని నేర్చుకోవడానికి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. షీటులో రాసింది పొయ్యి మీద పట్టే సమయమనీ, దినుసులు సిద్ధంగా ఉన్నట్టే లెక్కనీ ఆయన చెప్పారు. ఎవరు సిద్ధం చేసినట్టని అడిగాను. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా అని నవ్వారు. షీటు సరిచేయమని రాసి ఇచ్చాను. షీటును ఇక్కడ మార్చే వీల్లేదు, రెండో ప్రదర్శన షీటు ప్రకారం యథాతథంగా జరపవలెను అని జవాబు వచ్చింది.

యథాతథంగానే జరిపాను.

ఆ రోజూ ఆఫీసరు, భర్తలు ముందు వరసలో కూర్చున్నారు. షీటులో అరకిలో రొయ్యలు అనే ఉంది. ఒలిచిన రొయ్యలు అని లేదు. పెంకులతో ఉన్న రొయ్యల బుట్ట, తరగని ఉల్లిపాయలు, కిరోసిను పోయని స్టవ్ బల్ల మీద పెట్టాను. ఆయాలను పక్కన కూర్చోమన్నాను. బల్ల గడియారం మరియమ్మ భర్త ఏసుపాదం చేతికిచ్చి, ఐదేసి నిమిషాలకోసారి గట్టిగా చెప్పమన్నాను.

అతను పదిహేను అన్నప్పటికి నా ముందు ఒలిచిన రొయ్యలు పిడికెడు లేవు. ఏం జరుగుతోందని ఆఫీసరు అడిగారు. షీటు ప్రకారమే చేస్తున్నానని చెప్పాను. ఆయన ఆయాలను సాయం చేయమన్నారు.

"మరియమ్మ ఇంట్లో ఆయాలు లేరు సార్," అన్నాను.

నలభై అని ఏసుపాదం చెప్పేసరికి ఆఫీసరు కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయారు. నేను ఆపలేదు. నరం లాగడం, కడగడం, తరగడం, దంచడం, స్టవ్ నింపి వెలిగించడం, అన్నీ ఒక్కదాన్నే చేశాను. బాణలి దించేసరికి గంటా ఐదు నిమిషాలు. వెనక నుంచి ఒక ముసలామె అడిగింది:

"అన్నం యాడమ్మా? బియ్యం ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదే?"

మరియమ్మ లేచి నిలబడింది.

"ఇన్నావా? నీ నోటితోనే చెప్పినావు గంటా ఐదని."

"నాకేం తెలుసు? ఆఫీసరు చెప్పినాడు గదా," అన్నాడు ఏసుపాదం.

"ఆఫీసరు వచ్చి మనింట్లో ఒలిచినాడా? రోజూ వండేది నేను. నన్నడిగినావా?"

అతను గడియారం బల్ల మీద పెట్టేశాడు.

మూడో రోజున మెమో వచ్చింది. పై అధికారి ఆజ్ఞ ధిక్కరించానని, సంస్థ పరువు తీశానని అందులో ఉంది. సంజాయిషీగా ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో వరసగా రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. నెల తిరక్కుండా తిరుత్తణికి బదిలీ ఆర్డరు మాత్రం వచ్చింది. షీటు అదే అంకెతో మరో నాలుగేళ్ళు నడిచింది.

బయలుదేరే రోజు స్టేషనులో మరియమ్మ కనిపించింది. చెయ్యి మానింది కానీ రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. కుట్టు నుంచి తీసి ప్యాకింగులో వేశారట. ఇంట్లో ఎలా ఉందని అడిగాను.

"రొయ్యలు తెచ్చేది మానేసినాడు టీచరమ్మా. ఒలిచేది మాత్రం నేర్చుకోలేదు."

తిరుత్తణిలో పన్నెండేళ్ళు పనిచేశాను. తెర వెనక ఏదీ సిద్ధం చేసుకోలేదు. సమయం ఎక్కువ పట్టేది, జనం తక్కువ వచ్చేవాళ్ళు, నా పనితీరు మీద మంచి మాట రాసిన ఆఫీసరు ఒక్కరూ లేరు. బుట్ట ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి కంచం ముందు కూర్చునే వరకు పట్టేదంతా వంట సమయమే. ఆ పని చేసే మనిషిని అడగకుండా నిమిషాలు రాసిన షీటును ప్రదర్శకురాలు సభకు తీసుకెళ్ళకూడదు. నేను ఆఫీసరును ఎదిరించింది రెండో ప్రదర్శనలో. ఎదిరించవలసింది మొదటిదానికి ముందు.