విమానాశ్రయంలో ఒడిబియ్యం

మనుషుల అసలు రంగు చూడాలంటే విమానం ఆలస్యం కావాలి. మొదట్లో అందరూ పెద్దమనుషులే. కాసేపయ్యాక చూడాలి వాళ్ల తమాషా!

ఆ చలికాలం ఉదయం ఢిల్లీని పొగమంచు కమ్మేసింది. హైదరాబాదు విమానం ఎప్పుడు లేస్తుందో చెప్పే దిక్కు లేదు. కోటు వేసుకున్న ఒకాయన కౌంటర్లోని అమ్మాయి మీద ఒకటే అరుపులు. మంచు ఆ పిల్లే తెచ్చి కురిపించినట్టు! మళ్లీ ఫోన్లో మాత్రం "వచ్చేస్తా బంగారం, నువ్వు తినెయ్" అని ఎక్కడలేని మెత్తదనం. నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, అందులో సగం కుళ్లు. అలా అరవాలంటే అవతల ఎదురుచూసే మనిషి ఒకరుండాలి. పెళ్లీ గిళ్లీ లేని నేను ఎంత ఆలస్యంగా చేరినా అడిగేవాళ్లు లేక ఏళ్లయింది.

ఆ రోజు మాత్రం ఎదురుచూసే మనిషి ఉంది. దుండిగల్లో మా చెల్లెలి గృహప్రవేశం. అలాంటప్పుడు పుట్టింటివాళ్లు వచ్చి ఆడపిల్ల కొంగులో పసుపు కలిపిన బియ్యం పోయాలి. ఒడిబియ్యం అంటాం. అమ్మానాన్న పోయాక మేడ్చల్లో ఇల్లు అమ్మేశాం. ఇక మా చెల్లెలికి పుట్టిల్లంటే ఢిల్లీలో నా అద్దె గదే. దంపతులు పోస్తేనే బాగుంటుందని చుట్టాలు నసిగితే, "మా అన్న ఒక్కడు పోస్తే సాలు నాకు" అని వాళ్లతో కొట్లాడిందట. ఆ మాట విన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద లేవు. సెలవు ఒక్కరోజే ఇచ్చారు మహానుభావులు. ముందురోజు గదిలో చాప పరిచి బియ్యానికి పసుపు పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ పెట్టి మూట కట్టాను. ఇప్పుడు ఆ మూట నా ఒళ్లో ఉంది.

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, ఆవిడ అవతల మంకీ టోపీలో నిద్రపోతున్న భర్త. ఆవిడ కోటాయన్ని ఎగాదిగా చూసి, "గా పిల్లను తిడ్తె మంచు పోతదా, గీయనకేమన్న పిచ్చా?" అంది తెలుగులో. నాకు నవ్వాగలేదు. ఆవిడ ఇటు తిరిగింది.

"మనోనివేనా బిడ్డా? ఒడిబియ్యం లెక్కుంది ముల్లె. చేతులు పచ్చగున్నయ్."

"అవునమ్మా. మాది మేడ్చల్. చెల్లెకు తీస్కపోతున్న."

"అయ్యో, మాది శామీర్‌పేటనే! మంచిగ ఒడినిండ పొయ్యి బిడ్డా, ఆడిపిల్ల తొవ్వ జూస్తుంటది."

అంతలోనే చెల్లెలి ఫోన్. "అన్నా, యాడున్నవ్?"

"ఇంకా ఢిల్లీలనే ఉన్ననమ్మా."

ఆమె గొంతు తగ్గించి, "అయ్యగారు మూర్తం దాటుతాంది అంటున్నడు. జీడిమెట్ల చిన్నాయన కొడుకు, వదిన పోస్తమంటున్రు. ఏం జెయ్యమంటవే?" అంది. ఏడుపు దిగమింగుకుంటోంది. నాకూ లేచి వెళ్లి కౌంటర్ బద్దలయ్యేలా అరవాలనిపించింది.

"పోయించుకో. శుభమా అని కండ్లనీళ్లు పెట్టుకోకు" అన్నాను.

ఇంకాసేపటికి విమానం రద్దయిందని ప్రకటించారు. జనం కౌంటర్ మీద పడ్డారు. నేను లేవలేదు. మరునాడు డ్యూటీ, ఇక వెళ్లడం లేదు. మరి మూట? ఆడపిల్ల కోసం కట్టిన బియ్యం మళ్లీ మన గడప లోపలికి రాకూడదని అమ్మ గట్టిగా చెప్పేది. ఆ మాటే పెద్దావిడతో అని, "ఈడనే ఎవలకన్న ఇచ్చిపోతనమ్మా" అన్నాను.

ఆవిడ చాలాసేపు మూటనే చూసింది. ఓసారి భర్త వైపు చూసి లేచి నిలబడింది.

"మాయన సల్లగున్నడు, నేను ముత్తైదునే. మా అన్నదమ్ములు పోయి మస్తు ఏండ్లయింది. నా ఒడి నింపెటోళ్లు లేరు. నాకు పొయ్యరాదూ తమ్మీ?"

అప్పటిదాకా బిడ్డా అన్న మనిషి తమ్మీ అంది. నేను మూట ముడి విప్పాను. తూర్పు ఎటో ఆ మంచులో తెలియలేదు. ఇద్దరం కిటికీ వైపు తిరిగాం. ఆవిడ కొంగు పట్టింది, నేను దోసిళ్లతో పోశాను. కోటాయన అరవడం ఆపి మమ్మల్నే చూస్తున్నాడు. చూడనీ! కింద పడ్డ గింజలను ఆవిడ వంగి ఏరుకుంది. కొంగు ముడి వేసుకుని నా తల మీద చెయ్యి పెట్టింది.

"నీ ఇల్లు సల్లగుండ తమ్మీ."

"పోయిరా అక్కా" అన్నాను. ఒక్క గది ఇల్లు, ఒక్క కంచం. అయినా ఆ దీవెనకి కళ్లు చెమర్చాయి. ఇంతలో హోటలుకు తీసుకెళ్లే బస్సు వచ్చిందన్నారు. భర్తను లేపుకుని, ఒడి జాగ్రత్తగా పట్టుకుని ఆవిడ వెళ్లిపోయింది.

సాయంత్రం గదికి వచ్చేసరికి చాప అలాగే పరిచి ఉంది. దాని మీద పసుపు మరకలు. చెల్లెలు ఫోన్ చేసి, అంతా మంచిగ అయిందని చెప్పి, "నా బియ్యం ఏంజేసినవే అన్నా?" అని అడిగింది.

"అక్కకు పోసిన."

"మనకు అక్క యాడిదే?"

ఆవిడ పేరు కూడా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.