టైల్స్ కింద గోడ

గురువారం. బట్టలు ఆరేశాను, ఇడ్లీపిండి రుబ్బాను, పురుగు పట్టిన పప్పు ఎండలో పోశాను. కూరగాయలు తరగబోతుంటే కబురొచ్చింది, పక్కింటి టీచరమ్మ పోయిందని.

మా పిల్లలిద్దరికీ తమిళ అక్షరాలు దిద్దించింది ఆమే. తమిళామె అయినా, మాతో మాట్లాడి మాట్లాడి మా రాజపాళయం తెలుగు పట్టేసింది. మా వీధి చివరి పాత చర్చి ఆమెది. దాని చరిత్ర ఆమె చెప్పగా విన్నాను. ఒకప్పుడు లోపల అడ్డంగా నడుమెత్తు గోడ ఉండేదట. పెద్ద కులాలవాళ్లు ముందు, ఆమె అవ్వలాంటి వాళ్లు వెనక. రొట్టె, ద్రాక్షరసం వాళ్లకు చివర, మిగిలితేనే. తర్వాత గోడ పడగొట్టారు. నేలమీద గరుకు చార ఒకటి మిగిలింది.

చూడవచ్చిన ప్రతివాళ్లనూ దానిమీద నిలబెట్టేది. "కంటితో చూసింది మరిచిపోతారు, కాలికి తగలనీ" అనేది.

నన్నూ తొక్కించింది. "ఛీ, దేవుడింట్లోనా?" అన్నాను.

"ఏమ్మా, మీ అత్త నాకు ఏ లోటాలో కాఫీ పోసింది? మా గోడ కండ్లకు కనపడె. మీది కనపడలే, అంతే."

ఆ రోత మా ఇంటిది కూడా. ఆమెకని విడిగా పెట్టిన లోటా అది.

పోయినేడు కమిటీవాళ్లు నేలంతా మెరిసే టైల్స్ పరిచారు. చార వదలమని ఆమె బతిమాలింది. "అసింగంగా, రోతగా ఉండాది టీచర్, పెండ్లి ఫోటోల్లో పడుతుంది" అన్నాడు కమిటీ పెద్ద.

"అసింగం చార కాదయ్యా, దాన్ని మూసేది" అని వచ్చేసింది. ఆ సాయంత్రం నాతో అన్నది: "నేను పోయినంక గోడే లేదంటారు చూడు. ఒకసారి నువ్వు చెప్పాల. మావాళ్లు చెప్పలేరు, వీళ్ల నడుమనే బతకాల."

"సరి" అన్నాను.

శుక్రవారం చర్చిలో శవపేటిక ముందు కమిటీ పెద్ద మైకు పట్టుకున్నాడు. "మన చర్చిలో తొలినుంచీ భేదమే లేదు. దానికి మన టీచరే సాక్షి."

చచ్చిన మనిషిని అబద్ధానికి సాక్షిగా నిలబెట్టాడు. లేచాను.

"గోడ ఉండె. పెట్టె పెట్టినారే, ఆడనే. టీచరమ్మ అవ్వ దానికి వెనకాల కూర్చునింది."

"మీకేం తెలుసమ్మా, మీరు మా చర్చివాళ్లు కాదే."

"కాను. ఆ చార తొక్కినాను."

వెనక వరుసలోంచి ముసలామె ఒకతె లేచి వచ్చింది. పెట్టె పక్కన వంగి, నున్నటి నేలను అరచేత్తో తడిమింది, అటొకసారి, ఇటొకసారి. చేతికి ఏమీ తగల్లేదు. అయినా తడుముతూనే ఉంది.

టీచరమ్మకు నేను పడ్డ బాకీ తీరింది.