ఊరికే కదలని నీటిగీత

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. ఆదివారం పొద్దున్న తాడేపల్లిగూడెం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. కొన్నాళ్ళుగా గుండె జబ్బు ఉంది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఏలూరులో మేం నడిపే చిన్న వార్తల వెబ్‌సైట్ బాధ్యత ఆయనే చూసేవారు.

దానికి ఉచితంగా దొరికే ఒక తేలికపాటి జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ ఎంచుకున్నారు. బొమ్మల్ని కదిలించడం, స్క్రీను సైజుకు తగ్గట్టు పేజీని సర్దడం దాని పని. ఇంతకన్నా పెద్దవి ఉన్నాయి కదా అంటే, "కొల్లేటి లంక ఊళ్ళల్లో సిగ్నల్ అంతంత మాత్రమండీ. బరువైంది అక్కడిదాకా వెళ్ళదు" అన్నారు. మాకు కావలసినవి తనే రాసి దానికి జతచేసేవారు. కొత్తది రాసినప్పుడల్లా పాతదాంట్లో ఏం తీసెయ్యొచ్చో వెతికేవారు. నా వార్తలనూ వదల్లేదు. "'భారీగా' అంటే ఎన్ని అడుగులండీ?" అని నవ్వేవారు.

వానాకాలంలో కొల్లేరు నీటిమట్టం చూపే పేజీ ఆయన చేసిందే. ఇరిగేషన్ వాళ్ళిచ్చే అంకె, పక్కనే నీలం రంగు నీళ్ళ బొమ్మ, దాని పైన ప్రమాదాన్ని చూపే ఎర్రగీత. నీళ్ళ మీద చిన్న అల ఊగుతూ ఉండేది. ఆఫీసులో పెద్ద మానిటర్ మీద చూసి అందరం మెచ్చుకున్నాం.

ఆ పేజీ పెట్టిన ఏడాది వానల్లోనే ఆకివీడు అవతలి లంక ఊరి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. చేపల చెరువుల మీద పనిచేసే కుటుంబం. నీళ్ళు ఎర్రగీత దాటాయని మా పేజీలో చూసి, బాలింత అయిన కూతుర్నీ పసిబిడ్డనూ వానలో పడవెక్కించి ఒడ్డుకు చేర్చారు. బిడ్డకు జ్వరం వచ్చింది. నిజానికి నీళ్ళు గీత దాటనేలేదు.

"ఫోన్లో క్షమాపణ చెబితే సరిపోదండీ. ఆవిడ ఫోను నేను చూడాలి" అని మాస్టారు బయల్దేరారు. నేనూ వెళ్ళాను.

"ఏవండీ, నీళ్ళు మా గుమ్మం దాకా రాలేదు గానీ మీ బొమ్మలోకి వచ్చేశాయండీ" అందావిడ. "ఇంకోసారి మీది చూసి ఇల్లు వదలమంటే మావాళ్ళు వదుల్తారా?"

"వదలరమ్మా. అదే నా భయం. ఒకసారి ఆ ఫోను ఇస్తారా?"

"ఇదిగోండి. అద్దం పగలగొట్టింది మా ఆయనలెండి, అది మీ మీద వెయ్యను."

ఆ చిన్న స్క్రీను మీద పేజీ అంతా కుదించుకుంది. అల ఎత్తు మాత్రం పెద్ద మానిటర్‌కు పెట్టినంతే ఉండిపోయింది. ఊగినప్పుడల్లా దాని అంచు ఎర్రగీత దాటుతోంది.

తిరిగొచ్చాక అల ఎత్తు స్క్రీనుతో పాటు తగ్గేలా సరిచేశారు. మర్నాడు ఆ అలనే తీసేశారు.

"బావుంది కదండీ, ఉంచకపోయారా?" అన్నాను.

"నాకు బావుందండీ. ఆవిడ దృష్టిలో కదిలిందంటే నీళ్ళొచ్చినట్టే. ఏదైనా మారితేనే కదలాలి."

ఆ మాట ప్రకారమే ఫ్రేమ్‌వర్క్‌కు కొత్త భాగం రాశారు. కొత్త అంకె వస్తే నీటిమట్టం ఒక్కసారి మెల్లగా కదిలి ఆగుతుంది. అంకె మారకపోతే పేజీలో ఏదీ కదలదు. ముందు ఆవిడకే పంపించి, ఆవిడ సరేనన్నాకే అందరికీ పెట్టాం.

మొన్నటి వానలకు నీళ్ళు నిజంగానే వచ్చాయి. మాస్టారు ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోన్.

"నీళ్ళు ఎర్రదాని పైకెళ్ళి ఆగాయండీ. ఈసారి నిజమేనా మాస్టారూ?"

"నిజమేనమ్మా. ఇరిగేషన్ వాళ్ళనీ అడిగాను. బయల్దేరండి."

"మావాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటూనే ఎక్కుతున్నారండీ."

"తిట్టుకోనివ్వండి. ఎక్కితే చాలు."

కాసేపటికి వీడియో కాల్ వచ్చింది. గుమ్మంలో నీళ్ళు. పడవలో గ్యాస్ సిలిండరు, గంప కింద కోళ్ళు, ఇరుక్కుని కూర్చున్న మనుషులు. అందరూ వచ్చారో లేదో ఆవిడ చెయ్యెత్తి లెక్కపెడుతోంది. అంతలో సిగ్నల్ పోయి, బొమ్మ అక్కడే నిలిచిపోయింది.

మాస్టారు ఫోను దించలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఆ ఆగిపోయిన బొమ్మలో ఒక్కొక్కరి మీదా వేలు పెడుతూ, తనూ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.