మిల్లు వెనక ఇంట్లో గాలి మిషన్

1997 అక్టోబరులో నన్ను హైదరాబాదు నుంచి సూర్యాపేటకు బదిలీ చేశారు. హోదా సర్వీస్ ఇంజనీర్. నేను చదివింది పాలిటెక్నిక్ డిప్లొమా. అయినా విజిటింగ్ కార్డు మీద ఇంజనీర్ అని అచ్చు వేయించిన కంపెనీ మీద నాకు ఈనాటికీ అభిమానమే. వాక్యూమ్ క్లీనర్లు, నీళ్ల ఫిల్టర్లు ఇంటింటికీ తిరిగి అమ్మే సంస్థ మాది. అమ్మడం సేల్స్ వాళ్ల పని. వాళ్లు ఆడిన మాటలకు తర్వాత జవాబు చెప్పుకోవడం సర్వీస్ వాళ్ల పని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నా కిందే ఉండేవి. నా పైన హైదరాబాదులో ఏరియా మేనేజర్ ఉండేవాడు.

ఆ ఏడే కంపెనీ ఎయిర్ ప్యూరిఫయర్ అనే కొత్త సరుకు దింపింది. మా వైపు జనం దాన్ని గాలి మిషన్ అనేవారు. ఫ్యానుంది కదాని కూలర్ అనుకుని, చల్లగ రాదేంది సారూ అని అడిగేవారు. నిజానికి అందులో పెద్ద మాయేమీ లేదు. ఒక ఫ్యాను గదిలో గాలిని లోపలికి లాగుతుంది. ముందు ఒక జాలి ఉంటుంది, అది వెంట్రుకలూ నూగూ ఆపుతుంది. దాని వెనక మడతలు మడతలుగా కాగితంలాంటి మెయిన్ ఫిల్టర్, కంటికి కనపడని ధూళిని పట్టేది అదే. గాలి వడకట్టుకుని పైనుంచి బయటికొస్తుంది. జాలిని కడుక్కోవచ్చు. మెయిన్ ఫిల్టర్ నిండితే మార్చాల్సిందే.

మిర్యాలగూడలో మొదటి గాలి మిషన్ నవంబరులో బిగించాను. బియ్యం మిల్లుల వెనక వీధిలో డాబా ఇల్లది. ధాన్యం సీజన్ మొదలైతే మిల్లుల్లో బాయిలర్ల కింద ఊక మండుతుంది. ఆ ఊక బూడిద నల్లగా ఎగిరొచ్చి ఆ వీధిలో ఆరేసిన బట్టల మీదా, ఆవకాయ జాడీ మూత మీదా వాలుతుంది. ఆ ఊరి అన్నం ఆ మిల్లుల్లోంచే వస్తుంది కాబట్టి ఎవరూ గట్టిగా తిట్టరు కూడా.

ఆ ఇంటి కోడలు వసంత కోదాడ అమ్మాయి. ప్రైవేటు హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేది. ఆమెకు ఉబ్బసం, అక్కడి మాటలో దమ్ము. సీజన్ వచ్చిందంటే దమ్ము లేస్తుంది, భర్త రవీందర్ ఆమెను కోదాడలో పుట్టింట్లో దింపి వస్తాడు. బాయిలర్లు చల్లారాకే తిరిగి రావడం. రెండేళ్లు అలాగే గడిచాయి. ఈసారి కూడా సగం ఏడు సెలవంటే పదో తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తామని స్కూలు కరెస్పాండెంట్ ముందే చెప్పేశాడట. ఆ ఉద్యోగమంటే వసంతకు ప్రాణం. "ఈ సీజన్ ఇక్కడే ఉండి పాఠం చెప్పగలిగితే చాలండి, ఇంకేం వద్దు," అని నాతో అన్నది ఆ ఒక్క మాటే.

అత్త అనసూయమ్మది పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మనసు. కోడలు లేని ఇల్లు ఇల్లు కాదని ఆమె వాదం. "అది కోదాడకు వోతే నాకు ముద్ద దిగదు సారూ. జర మంచిగ వెట్టు మిషన్ను," అంది.

మంచిగానే పెట్టాను. బిగించే ముందు గది కొలుస్తాం. పిండి కొద్దీ రొట్టె కదా, ఆ మిషన్ ఒక పడకగదికే సరిపోతుంది, ఇల్లంతటికీ కాదు. వసంత గది కిటికీ సందులు మూయించాను. తలుపు కింద గుడ్డ పెట్టమన్నాను. వోల్టేజీ పడిపోయే ఊరు కాబట్టి స్టెబిలైజర్ తగిలించాను. ఇంట్లో పొగ ఏమైనా ఉందా అని అడగడం కూడా మా పద్ధతిలో భాగం. గ్యాస్ పొయ్యి అన్నారు, బీడీలు తాగేవాళ్లు లేరన్నారు, దోమల చుట్ట డాక్టరు మాన్పించాడన్నారు. ఇది మందు కాదమ్మా, డాక్టరిచ్చిన పీల్చే మందు పంపు మానొద్దు అని వసంతకు చెప్పి బస్సెక్కాను.

మొదట్లో అంతా బాగుందని కబురొచ్చింది. నెల తిరక్కుండానే సూర్యాపేట ఆఫీసుకు రవీందర్ ఫోన్ చేశాడు. గొంతులో మర్యాద ఉంది గాని మాటలో లేదు. మిషన్ ఉత్తదని, మునుపటికంటే దమ్ము ఎక్కువైందని, ఆదివారం భార్యను కోదాడలో దింపుతున్నానని, వచ్చి డబ్బా తీసుకుపొమ్మని చెప్పాడు.

ఏరియా మేనేజరుకు రిపోర్టు చేశాను. మిల్లుల ఊళ్లో మన సరుకు నిలబడదు, బూడిద తినేసి ఉంటుంది, గొడవ లేకుండా వెనక్కి తెచ్చెయ్యి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రోగమేంటో తెలియకుండా మిషన్ను మోసుకురావడం నాకు మొదట్నుంచీ చేతకాదు. చూసి చెప్తానన్నాను. ఆయన నసిగాడు. ఆ నసుగుడునే అనుమతి కింద తీసుకుని శుక్రవారం మధ్యాహ్నం మిర్యాలగూడలో దిగాను.

వసంత స్కూల్లో ఉంది. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు, చీకటిపడ్డాకే ఇంటికి వస్తుందట. రవీందర్ తలుపు తీసి పక్కకు జరిగాడు. గదిలో మంచం పక్కన సూట్‌కేసు సర్ది ఉంది. దాన్ని చూస్తే నాకు ఆ కంపెనీ చొక్కా వేసుకున్నందుకే సిగ్గేసింది.

పని వరసగా చేశాను. ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూశాను, సరిగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది గాని పైనుంచి గాలి రావడం లేదు. అంటే ఊపిరి ఆడనిది ఇప్పుడు మిషన్‌కే. ముందు పలక విప్పి జాలి తీశాను. మిల్లు బూడిద దోషమైతే జాలి మీద పొడిగా, బూడిద రంగు దుమ్ము మందంగా ఉండాలి. ఉంది గాని కొంచెమే. దాని వెనక మెయిన్ ఫిల్టర్ లాగితే మడతల నిండా గోధుమ రంగు జిగురు. వేలికి అంటుకుంటోంది. ఊక బూడిదకు జిగురెక్కడిది? వాసన చూశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ రోజు నేను ముక్కుతో పట్టుకున్నాను.

అది సాంబ్రాణి.

అమ్మా, సాంబ్రాణి వేస్తారా అని అడిగాను. అడగడమే ఆలస్యం, అనసూయమ్మ ముఖం విప్పారింది. "ఎయ్యకెట్ల సారూ! ఇంతకుముందు శుక్కురారం ఒక్కనాడే ఏస్తుంటి. మిషన్ వచ్చినంక రోజు ఏస్తున్న. దీపం వెట్టంగనే నిప్పులు దీస్కొచ్చి గీ మిషన్ ముంగటనే వెడ్త. అది గుంజుకుని గదంత పంచుతది గద! దమ్మున్న పిల్ల, జర మంచి గాలి పీల్చుకోని అని," అంది.

కళ్ల ముందు మొత్తం కథ కనబడింది. కోడలు ఇంట్లో లేని వేళ గదిలో మిషన్ నోటికి సాంబ్రాణి పట్టిస్తోంది. పొగంతా ఫిల్టర్‌కు పట్టి అది మూసుకుపోయింది. మిగిలిన పొగ, సందులు మూసిన గదిలో చిక్కుకుపోయింది. ఆ గదిలోకే వసంత రాత్రి వచ్చి తలుపేసుకుని పడుకుంటోంది. నేను పొగ ఉందా అని అడిగినప్పుడు వాళ్లు అబద్ధమాడలేదు. మా ఇంట్లో మా అమ్మనడిగినా లేదనే చెప్పేది. సాంబ్రాణిని పొగ అని లెక్కవేసే ఇల్లు మా వైపు లేదు.

ఇది చెప్పడం మిషన్ విప్పినంత తేలిక కాలేదు. అనసూయమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "దేవునికేసే ధూపం నా కోడలికి ఇసమైతదా? మిల్లోళ్లను అనే ధైర్యం లేక నన్నంటున్నవా?" అని లేచింది. రవీందర్ తల్లిని ఆపబోతే అతనికీ రెండు తిట్లు తగిలాయి. ఆమె కోపం నాకు తప్పనిపించలేదు. కోడలి కోసం రోజూ నిప్పులు రాజేసిన మనిషిని పట్టుకుని, నీవల్లే దాని ఊపిరి పోతోందంటే ఎవరు ఊరుకుంటారు?

మాటలతో లాభం లేదని, ఫిల్టర్లు లేకుండా మిషన్ను ముందు వరండాలోకి మోశాను. గాలి లోపలికి పోయే చోట ఉతికిన నా తెల్ల రుమాలు బిగించి కట్టాను. సేల్స్ వాళ్లు డెమోల్లో తివాచీ దుమ్ము చూపించడానికి చేసే పనే ఇది. అమ్మా, రోజూ ఎట్లా పెడతారో అట్లాగే పెట్టండి అన్నాను. ఆమె విసురుగా నిప్పులు తెచ్చి, సాంబ్రాణి పొడి చల్లి, ధూపం గిన్నెను మిషన్ ముందు పెట్టి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. మిషన్ పొగను ఆబగా లాగుకుంది. గిన్నెలో పొగ ఆగాక రుమాలు విప్పి ఆమె చేతిలో పెట్టాను. మధ్యలో అరచేయంత మేర పచ్చగా, గోధుమ రంగులో మరక పట్టింది.

ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. గొంతు తగ్గించి, "గిదంత నా బిడ్డ ఛాతీలకు వోతున్నదా?" అంది. కోడలు అనలేదు, బిడ్డ అంది. ఇకనైనా ఆపవచ్చమ్మా అన్నాను.

ఆ తర్వాత ఇంట్లో ఆజ్ఞలన్నీ ఆమెవే. "ఐతారం నా కోడలు యాడికీ వోదు. ఆ పెట్టె ఇప్పు," అని కొడుకుతో అంది. ధూపం గిన్నె ఆ సాయంత్రమే గేటు బయటికి పోయింది. ఇంకో చిక్కు మిగిలింది. దీపాల వేళ లక్ష్మి వస్తుందని వీధి తలుపు తెరిచి పెడతారు. బాయిలర్ బూడిద ఎక్కువగా దిగేదీ ఆ వేళకే. తలుపు మూయమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దారి ఆమే చూపించింది. "లచ్చిమికి అందరి గదులెందుకు? దేవునర్ర దాక వస్తే సాలు," అని వీధి తలుపు తెరిచే ముందే వసంత గది తలుపు మూసి, కింద గుడ్డ దోపడం మొదలుపెట్టింది.

వీధి చివర ఎస్టీడీ బూత్ నుంచి మేనేజరుకు ఫోన్ చేశాను. దోషం మిల్లుది కాదు, మిషన్‌ది కాదు, సాంబ్రాణిది అంటే ముందు నమ్మలేదు, తర్వాత పగలబడి నవ్వాడు. వాళ్లింట్లోనూ శుక్రవారం వేస్తారట. ఆఫీసులో డెమో మిషన్‌కు ఉన్న ఫిల్టర్ తీసి వాడడం నిబంధనలకు విరుద్ధం. ఆయన నవ్వుతుండగానే దానికి మంజూరు అడిగాను, ఇచ్చేశాడు. మర్నాడు ఫిల్టర్ పట్టుకెళ్లి బిగించాను. వసంత ఇంట్లోనే ఉంది. మాట మాటకూ ఆయాసపడుతూ, ఎన్నాళ్లలో తేడా తెలుస్తుందండీ అని అడిగింది. ముందు మీ డాక్టరుకు చూపించుకోండి, మిషన్ సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. పైకి ధీమాగా చెప్పాను గాని లోపల గుబులుగానే ఉంది.

మళ్లీ ఫిర్యాదు రాలేదు. సర్వీస్ వాడికి ఫోన్ మోగకపోవడాన్ని మించిన శుభవార్త లేదు. జనవరిలో తనిఖీకి వెళితే వసంత స్కూలుకు పోయి ఉంది. ఇంట్లో మనిషి లేనందుకు నేను అంతగా సంతోషించింది ఆ ఒక్కసారే. మిల్లులన్నీ జోరు మీదున్నాయి, వీధంతా నల్లగా ఉంది. అనసూయమ్మ మిషన్‌కు పెత్తందారై కూచుంది. ప్రతి ఆదివారం రవీందర్ చేత జాలి కడిగిస్తోందట. ఎవరో చుట్టం హాల్లో అగరుబత్తి వెలిగించబోతే, దేవుడు బయట గూడ ఉంటడు పో అని తరిమిందని రవీందర్ నవ్వుతూ చెప్పాడు. ఫిల్టర్ తీసి చూపించాను. పొడిగా, తేలికగా ఉంది. అందులో ఉన్నదంతా మిల్లు ధూళే. ఆ మిషన్ చేయాల్సిన పని అదే.

వసంతకు దమ్ము పూర్తిగా పోయిందని చెప్పను. పంపు వాడుతూనే ఉంది. కాని ఆ సీజన్లో దవాఖానకు పరుగెత్తాల్సిన అవసరం రాలేదు, కోదాడకు పెట్టె సర్దలేదు. మార్చిలో పదో తరగతి పరీక్షల దాకా ఆమే పాఠం చెప్పింది. ఫలితాలొచ్చాక వచ్చే ఏడాదికీ ఆ తరగతి ఆమెదేనని కరెస్పాండెంట్ పిలిచి చెప్పాడట. ఆ మాట చెప్పడానికి సూర్యాపేట ఆఫీసుకు తనే ఫోన్ చేసింది. మధ్యలో అనసూయమ్మ రిసీవర్ లాక్కుని, "గెలిచినం బిడ్డా!" అని అరిచింది. ఆఫీసులో అందరికీ వినబడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ వేసవిలోనే ఆ వీధిలో మరికొన్ని ఇళ్లలో మిషన్లు బిగించాం. డెమో ఇచ్చింది మా సేల్స్ వాళ్లు కాదు, అనసూయమ్మ. రుమాలు కూడా ఆమెదే.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. లోపల పుట్టే పొగను ఆపకుండా గాలిని వడకట్టడం వృథా. ఆ పొగ గురించి ఇంటివాళ్లను అడిగితే తెలియదు, ఎందుకంటే రోజూ చేసే పని వాళ్ల కంటికి ఆనదు. అందుకే రిటైరయ్యేదాకా ఏ ఊళ్లో మిషన్ బిగించినా, దీపాలు పెట్టేవేళ దాకా ఆగి, ఆ ఇంటి సాయంత్రం చూశాకే పని పూర్తయిందని సంతకం చేశాను.