గోడ మామయ్య

మా వీధి మలుపులో పటాలు కట్టే మేస్త్రి ఒకడున్నాడు. పక్కనున్న హాల్లో ఆడే పాటల నాటకంలో తొమ్మిదేళ్లపాటు ముఖ్యమైన వేషం కట్టాడు. ముఖానికి రంగు పూసుకోకుండా, కొట్టు గడప దాటకుండా, తాను వేషం కడుతున్నట్టు తనకే తెలియకుండా కట్టాడు. అతను లేకపోతే ఆ నాటకం పదిరోజులు కూడా ఆడేది కాదు.

సరే, పదిరోజులన్నది కొంచెం ఎక్కువైంది. పాటలు బాగానే ఉండేవి, వాటి పుణ్యాన ఓ ఏడాది నడిచేదేమో. తొమ్మిదేళ్లలోనూ అతనికి జ్వరం తగిలిన రోజులు, అక్కగారింటికి వెళ్లిన రోజులు తీసెయ్యాలి. వేషం అన్నమాట కూడా కావాలంటే వెనక్కి తీసుకుంటాను. మిగిలింది మాత్రం నిజం. నిజం కానిచోట కనీసం జరగవలసిందైనా అయి ఉంటుంది.

మేస్త్రి కొట్టు ఎంత సన్నమంటే, ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాలి. ఒకపక్క పొడుగాటి బల్ల, దానిమీద రంపం, గాజు కోసే కత్తి, బంక డబ్బా, ముసలి పిల్లిలా ఎప్పుడూ ఒకేచోట పడుండే సుత్తి. రెండోపక్క గోడ. ఆ గోడకు అవతల నాటకాల హాలు. హాలు గుమ్మం ఇటు కాదు, వెనకవీధిలోకి. హాలూ కొట్టూ అలిగి వీపులానించుకుని కూర్చున్న తోడికోడళ్ల లాంటివి. ఒకరి ముఖం ఒకరు చూడరు, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకుండానూ ఉండదు.

గోడకు చెవులుంటాయని లోకం అంటుంది. ఈ గోడకు నోరుండేది. సాయంత్రం కాగానే ముందు తీగలు సవరించుకునే చప్పుడు, తర్వాత జనం సర్దుకునే గుసగుస, ఆపైన పాటలు. సముద్రపు ఒడ్డున దీపస్తంభం, దాన్ని కాపలా కాసే తండ్రి, ఓడెక్కి వెళ్లిన వాడి కోసం ఎదురుచూసే కూతురు. కథ ఇంతేనని మేస్త్రికి పాటల్ని బట్టి తెలుసు. మాటలన్నీ గోడ దాటి వచ్చేవి కావు. రానివి అతనే పూరించుకున్నాడు.

అతనికి పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు, అందులో రెండు మాత్రం ఒకదానికొకటి సరిపోయేవి. కొట్టు వెనకే చిన్న గది, అందులో ఒక మంచం, ఒక పొయ్యి, ఒకే కంచం. అక్క ఫోను చేసినప్పుడల్లా దెప్పేది. “ఒరే తమ్ముడూ, అందరూ మనుషులతో కాపురం చేస్తారు. నువ్వు గోడతో చేస్తున్నావు.” గోడ ఎదురుచెప్పదు కదక్కా అని ఇతను నవ్వేసేవాడు. ఫోను పెట్టేశాక కొట్టు ఇంకాస్త సన్నబడినట్టుండేది.

అయితే ముఖాలకు మాత్రం అతనికి కొదవ లేదు. పటం కట్టమని ఇచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కొందరు ఇల్లు మారిపోతారు, కొందరు మనసు మారిపోతారు. ఆ పటాలన్నీ గోడమీదే ఉండిపోయాయి. రెండు జడల అమ్మాయి, ఆఫీసు వీడ్కోలు ఫోటోలో బుర్రమీసాలాయన, ఎవరి పెళ్లిలోనో దిక్కులు చూస్తున్న పొడుగాటి కుర్రాడు. మేస్త్రి చేసిన గడుసుపని ఏమిటంటే, అవతలనుంచి వచ్చే గొంతులకు ఈ ముఖాలు తగిలించాడు. కథానాయిక పాట ఎత్తుకుంటే రెండు జడలమ్మాయి వంక చూసేవాడు. తండ్రి గొంతు ఉరిమితే మీసాలాయన. అలా అతనికి గోడమీద ఒక సంసారమే ఉండేది. దాంట్లో అతనొక్కడే లేడు.

పనిలో అతనికొక పద్ధతుంది. బల్లమీద బుద్ధిగా కనబడ్డ పటం గోడెక్కగానే వంకర బయటపెడుతుందని అతని నమ్మకం. అందుకని ఆరోజు కట్టిన ఆఖరి పటాన్ని దాని కొలతకు తగ్గ ఎత్తులో కొత్త మేకు కొట్టి వేలాడదీసేవాడు. తెల్లారేవరకూ అది తిన్నగా నిలిస్తేనే మనిషికి ఇచ్చేది. ఆ గోడ సగం మేకులే. మూడు దెబ్బల్లో దిగని మేకూ, మూడు మాటల్లో తేలని తగువూ రెండూ వంకరేననేవాడు.

కానీ పాటలు జరుగుతుంటే మేకెలా కొడతాడు? మర్యాద తెలిసినవాడు. అందుకని సందు కోసం చూసేవాడు. నాటకం చివర్లో కూతురు నిదానంగా ఒక పాట పాడుతుంది. అది అయ్యాక అవతల అంతా సద్దుమణుగుతుంది. మాట లేదు, వాయిద్యం లేదు. బహుశా బట్టలు మార్చుకుంటున్నారు, ఇప్పుడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు అనుకుని, అప్పుడు సుత్తి అందుకునేవాడు. కొన్నిరోజులు మేకు వెంటనే దొరికేది, కొన్నిరోజులు వెతుక్కోవడానికే కాసేపు పట్టేది. టక్, టక్, టక్. పటం తగిలించి, దీపం తగ్గించి, లోపలికి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత వినిపించే చప్పట్లు వంట చేసుకుంటూ వినేవాడు.

ఇలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం హాలు గుమ్మంలో టికెట్లు చింపే పెద్దాయన వచ్చి, బల్ల అంచున కూర్చుని, టీ ఊదుకుంటూ, ఈ వారంతో నాటకం ఆఖరని చెప్పాడు. హాలు అమ్మేశారట. మేస్త్రి చేతిలో ఉన్న చెక్కబద్ద మూల తప్పు కోశాడు. అతను మూల తప్పు కోయడం పెద్దాయన ఎప్పుడూ చూడలేదు.

“ఇన్నేళ్లూ గోడకి ఇవతలే కూర్చుని ముసలాడివైపోయావు,” అన్నాడు పెద్దాయన. “ఒక్కసారి వాళ్ల ముఖాలు చూడవయ్యా. ఆఖరిరోజుకి సీట్లు లేవు గానీ, ముందురోజు రా. మూడో వరసలో కూర్చోబెడతా.”

ఊరికే వినిపించేదానికి టికెట్టెందుకని మేస్త్రి దాటవేయబోయాడు. అసలు సంగతి వేరు. ముఖాలు చూస్తే గోడమీది ముఖాలు ఏమైపోతాయోనని భయం. చూడకపోతే, వచ్చేవారంనుంచి ఆ ముఖాలూ ఈ ముఖాలూ రెండూ ఉండవన్నది అంతకన్నా పెద్ద భయం. చివరికి ఉతికిన చొక్కా వేసుకుని, కొట్టు తలుపు వేసి, వీధి చుట్టి వెళ్లాడు. తొమ్మిదేళ్లు వీపు ఆనించి కూర్చున్న హాలుకు దారి అడగవలసి వచ్చింది.

లోపల సగం సీట్లు ఖాళీ. ఉన్నవాళ్లలో సగంమంది పాట రాకముందే పెదవులు కదుపుతున్నారు. మేస్త్రి పెదవులు కూడా ఊరుకోలేదు. పక్కసీటావిడ మెచ్చుకోలుగా ఎన్నోసారండీ అని అడిగింది. మొదటిసారన్నాడు. ఆవిడ ఆ జవాబుకు నొచ్చుకుని, మళ్లీ అతనితో మాట్లాడలేదు.

దీపస్తంభం అట్టది. తొమ్మిదేళ్లుగా చేతులు పడిపడి తలుపు గడియ దగ్గర రంగు ఊడి తెల్లబడింది. ఓడెక్కి వెళ్లినవాడి పొట్టను కోటు బొత్తాం ఒకటి ప్రాణాలకు తెగించి పట్టుకునుంది. ఫిడేలాయన కళ్లు మూసుకున్నది తన్మయత్వమో నిద్రో చెప్పలేం. ఉరుములాంటి గొంతున్న తండ్రి గుప్పెడు మనిషి, మీసమే లేదు. ఇక రెండు జడలమ్మాయికి యాభై దాటాయి. విగ్గు కింద చెంపలు నెరిశాయి, మెట్లెక్కేటప్పుడు ఎవరికీ తెలియకుండా మోకాలు పట్టుకుంది. మేస్త్రి ఒకరినైనా మోచేత్తో పొడిచి “చూశావా” అందామనుకుంటే, అటు నొచ్చుకున్న ఆవిడ, ఇటు ఖాళీ కుర్చీ.

కానీ కథానాయిక నోరు తెరిచింది. గొంతు అదే. గోడ అడ్డులేని ఆ గొంతు ఎంత పెద్దదో అతను ఊహించలేదు. కాసేపటికి రెండు జడలూ యాభైఏళ్లూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

నిదానం పాట వచ్చింది. అయిపోయింది. ఇక తెర దించి బట్టలు మార్చుకుంటారని మేస్త్రి ఒళ్లు సడలించాడు. తెర పడలేదు. ఆవిడ దీపం ఆర్పి, మూసిన తలుపు ముందు ఒక్కతే నిలబడింది. ఎదురుచూస్తోంది. హాలంతా ప్రార్థన గంటకు లేచిన బడిపిల్లల్లా ఊపిరి బిగబట్టింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఆవిడ తల కొద్దిగా ఓరగా వంచింది, తలుపువైపు కాదు, పక్కనున్న గోడవైపు. ఆ గోడ ఏదో మేస్త్రికి తెలుసు. రెండో పక్కనుంచి ఎప్పుడూ చూడలేదు, అంతే. ఒళ్లో ఉన్న అతని కుడిచెయ్యి అక్కడ లేని సుత్తి కోసం వెతుక్కుంది.

చాలాసేపటికి తెరల చాటునుంచి ఎవరో చెక్కతో తట్టారు, తడి అట్టమీద కొట్టినట్టు మూడు దెబ్బలు. ఆవిడ తలుపు తీసింది. ఓడెక్కి వెళ్లినవాడు వచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ ఏ లోటూ పైకి అనలేదు.

బయటికి వచ్చేసరికి పెద్దాయన తల పట్టుకుని ఉన్నాడు. “టికెట్టిచ్చిన నాకు బుద్ధి లేదు. నువ్విక్కడ కూర్చుంటే అక్కడ కొట్టేదెవడు?” అని, తొమ్మిదేళ్ల గుట్టు విప్పాడు. మొదటివారంలో చెక్కతోనే తట్టేవారట. ఒకరోజు చెక్కవాడు ఆలస్యం చేస్తే గోడే తట్టింది. ఆవిడ నిజంగా ఉలిక్కిపడింది, హాలు హాలంతా లేచి నిలబడింది. ఆరోజునుంచి చెక్క పక్కన పెట్టి గోడకే వదిలేశారు. దెబ్బ ఏ క్షణాన పడుతుందో తెలియదు కాబట్టి ఆవిడ నటించేది కాదు, నిజంగానే ఎదురుచూసేది. అది చూడటానికే జనం మళ్లీ మళ్లీ వచ్చేవారు.

“లోపల నిన్నేమంటారో తెలుసా? గోడ మామయ్య.”

“నాకొక్కమాట చెప్పొచ్చుగా,” అన్నాడు మేస్త్రి.

“చెబితే మర్నాటినుంచి నటిస్తావు. అప్పుడింక నువ్వెందుకు పనికొస్తావు? ఇందాక ఆవిడ అడిగింది, మామయ్యకి ఒంట్లో బాలేదా, ఎవరైనా వెళ్లి చూశారా అని.”

ఇంటికి వీధి చుట్టి రావడం దగ్గరే. ఆరోజు మేస్త్రి చాలా దూరం నడిచాడు.

మర్నాడు ఆఖరి ఆట. అతను పటమేదీ కట్టలేదు. బల్ల తుడిచాడు, మళ్లీ తుడిచాడు. మేకు ఏరి, కాదనుకుని, ఇంకోటి ఏరాడు. పాటలు ఒక్కొక్కటే గోడ దాటి వచ్చి వెళ్లిపోయాయి. నిదానం పాట వచ్చేసరికి సుత్తి పిడిని చొక్కాకు తుడిచాడు. పాట ఆగింది.

ఇప్పుడు అతనికి తెలుసు. జానెడు గోడకు అవతల, చీకట్లో, మోకాలి నొప్పితో ఆవిడ నిలబడి ఉంది. ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. కొడితే అయిపోతుంది. కొట్టనంతసేపూ ఆవిడ ఎదురుచూస్తూనే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక తన కోసం ఒక మనిషి ఎదురుచూడటం ఎలా ఉంటుందో అతను ఎరగడు. ఇంకాస్త, ఇంకొక్క ఊపిరి, అనుకున్నాడు. హాలు కిక్కిరిసి ఉంది, అయినా అవతలనుంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. తొమ్మిదేళ్లలో అంత పెద్ద నిశ్శబ్దం ఎప్పుడూ రాలేదని తర్వాత పెద్దాయన చెప్పాడు. చెక్కవాడు చెక్క ఎత్తితే, ఆవిడ చూపుతోనే వద్దని ఆపిందట.

మోకాలు గుర్తొచ్చింది మేస్త్రికి. పాపం ఎంతసేపని నిలబడుతుంది?

టక్. టక్. టక్.

చప్పట్లు ఎంతసేపు మోగాయో. అవి ఆగాయి, కుర్చీలు సర్దుకున్నాయి, అడుగులు తగ్గిపోయాయి. మేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు, ఏ పటమూ లేని మేకును చూస్తూ. అప్పుడు అవతలనుంచి, సరిగ్గా ఆ మేకు దగ్గర, వేళ్ల కణుపులతో మెల్లగా మూడుసార్లు. అతను అరచెయ్యి గోడకు ఆనించాడు. చల్లగా ఉంది.

మరుసటి సాయంత్రం ఒక పటం పూర్తయింది. సుత్తి పట్టుకుని సందు కోసం చూశాడు. కానీ నిశ్శబ్దం ఎప్పుడు మొదలైందో తెలియాలంటే ముందు చప్పుడంటూ ఉండాలి కదా. చాలాసేపు చూసి, పటాన్ని బల్లమీదే బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు పెద్దాయన నాటకంవాళ్లంతా కలిసి దిగిన ఫోటో తెచ్చి పటం కట్టమన్నాడు. దాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆ మేకుకే ఉంది. అందులో అందరూ కెమెరావైపు చూస్తుంటే, ఆవిడొక్కతే పక్కకు, గోడవైపు చూస్తుంటుంది.

ఈ కథ మేస్త్రి ముందే ఒకరోజు మొత్తం చెప్పుకొచ్చాను. అతను గాజు తుడవడం ఆపకుండా విన్నాడు.

“అంతా కోతలు,” అన్నాడు. “నేనే నాటకమూ చూడలేదు. ఈ గోడకి అసలు మేకే దిగదు. అవతల ఉన్నది సిమెంటు బస్తాల గోదాము, ఎప్పుడూ గోదామే. బస్తాలు పాటలు పాడతాయా? ఫోటోలో ఆవిడ చూపు పక్కకుందంటే, పోయి ఫోటో తీసినవాణ్ణి అడగండి.”