పోపు పెట్టని పప్పు

మధురవాడలో మా అపార్టుమెంటు గోడలు ఎంత పల్చనివంటే, పక్కింటి కుక్కరు కూత విని మా ఆవిడ మా స్టవ్ కట్టేసిన సందర్భాలున్నాయి. ఆ గోడకవతల నర్సింగు చదివిన అమ్మాయి ఒకతె ఈమధ్య జర్మన్ నేర్చుకుంటోంది, అక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాలిస్తున్నారట. మొన్న ఆదివారం పొద్దుట్నుంచీ వాన. కరెంటు లేదు, పేపరు తడిసి ముద్దయింది, చేసేదేమీ లేక బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చుంటే ఆ పిల్ల గట్టిగా పాఠం వల్లించడం వినబడింది. మా అమ్మ వంట చేస్తుంది, మా అమ్మ బట్టలు కుడుతుంది, మా అమ్మ సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఉంటుంది. అంతా జర్మన్‌లోనే. ఆ భాషతో నాకు పని పడి నలభై ఏళ్ళు దాటింది, నిన్న రాత్రి తిన్న కూరేమిటో గుర్తుండని ఈ బుర్రకి ఆ మాటలు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా అర్థమయ్యాయి.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇక్కడ ఉక్కు కర్మాగారం ఇంకా పునాదుల్లో ఉన్న రోజులు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికొచ్చి ఈ ఊరివాడైపోయాడు, నేను ఇంజనీరింగు గట్టెక్కి ఫ్యాక్టరీలో చేరాను. యంత్రాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అక్కడికే వెళ్ళి వాటి సంగతి నేర్చుకు రమ్మని మమ్మల్ని కొందరిని జర్మనీ పంపించారు, ముందు కొన్నినెలలు భాష, ఆ తర్వాతే యంత్రం. ఒక చిన్న ఊళ్ళో ఒక ముసలావిడ ఇంటి మేడమీద రెండు గదులు, వాటి మధ్య ఓ బుల్లి వంటగది. ఒక గది నాది, రెండోది మన వన్‌టౌన్ కుర్రాడిది, వాళ్ళ నాన్నకి అక్కడ దర్జీ కొట్టుండేది. వాడు నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి. విశాఖపట్నంలో మగవాళ్ళకి పరిచయమైన పూటే బావ వరస కలిసిపోతుంది గదా, అందులో సాయిబులని, మనవాళ్ళని పట్టింపు లేదు.

మా అమ్మ పోయిందని టెలిగ్రాం ఒక శనివారం సాయంత్రం వచ్చింది. అప్పటికే అన్నయ్య తలకొరివి పెట్టేశాడట, వచ్చి చేసేదేమీ లేదు, చదువు పాడుచేసుకోవద్దని నాన్న మాట. విమానం ఎక్కి వచ్చేయడం ఇప్పుడంత తేలిక కాదు అప్పుడు. నేను దాన్ని చదివి, మా బావకి చూపించి, మడిచి బల్లమీద పెట్టి, కట్టుబట్టలతో చన్నీళ్ళ స్నానం చేసి, బట్టలు పిండి ఆరేసుకుని పడుకున్నాను. పడుకోగానే నిద్ర పట్టింది కూడా. ఈ మాట ఎవరికైనా చెబితే నమ్ముతారో లేదో గానీ, నాకు ఏమీ అనిపించలేదు.

మర్నాడు వాన. మన వాన సముద్రం మీంచి ఊళ్ళోకి విరుచుకుపడి, రోడ్లు ముంచి, గంటలో తన దారిన తాను పోతుంది. అక్కడి వానకి తొందర లేదు, పిండి జల్లించినట్టు పొద్దస్తమానం సన్నగా పడుతూనే ఉంటుంది. పైగా ఆదివారమంటే ఆ ఊరు ఊరంతా మూత. కొట్లుండవు, ఎవరూ మేకు కొట్టకూడదు, బట్టలు ఉతికి బయట ఆరేయకూడదు, ఇంటావిడ మేము దిగిన వారంలోనే ఈ నీతులన్నీ వేలు చూపించి మరీ చెప్పింది. వేరే రోజైతే అంత తీరుబడికి మొహం వాచి ఉండేవాణ్ణి. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి పెంకుల మీంచి నీళ్ళు జారడం చూశాను. బూట్లు పాలిష్ చేసుకున్నాను. సోమవారం క్లాసులో మా కుటుంబం గురించి రాసి చూపించాలి, అదీ ముగించేద్దామని కూర్చుని మా అమ్మ వంట బాగా చేస్తుందని, మా అమ్మకి బీచికి వెళ్ళడం ఇష్టమని తప్పుల్లేకుండా రాశాను. రాస్తున్నది ఏమిటో చేతికి తెలిసినట్టుంది గానీ నాకు తెలియలేదు.

ఆ పొద్దున్న మా బావకి మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, పక్కింటివాళ్ళు వండి తెచ్చి పెట్టాలి. వాళ్ళలోనూ అంతే, మనలోనూ అంతే, వన్‌టౌన్‌లో ఇరుగుపొరుగు గోడల మధ్య పెరిగిన వాడికి రెండూ తెలుసు. కానీ ఉన్నది ఒకటే వంటగది, దానికి అటు వాడు, ఇటు నేను. వాడు స్టవ్ వెలిగిస్తే నా ఇంట్లో వెలిగించినట్టే. వెలిగించకపోతే నాకు తిండి లేదు, కొట్లన్నీ మూత. చాలాసేపు వంటగది గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. చివరికి మన వాటాల ఇళ్ళ లెక్క వాడికి తట్టింది, కింద వాటా అంటే వేరే కొంపే గదా!

ఇంటావిడ చర్చికి వెళ్ళబోతుంటే వచ్చీరాని జర్మన్‌లో ఏం అడిగాడో గానీ ఆవిడ వంటగది అప్పగించి వెళ్ళింది. సంగతి ఆవిడకి ముందురోజే చెప్పాడు. ఆ ఊళ్ళో కందిపప్పు ఏది, గోధుమరంగు పప్పేదో ఉంటే అదే ఉడకేశాడు, అన్నం వండాడు. పోపు పెట్టలేదు, మైల రోజుల్లో హిందువుల ఇళ్ళలో పోపు పెట్టరని వాళ్ళ పక్కింటి మామ్మగారి దగ్గర చిన్నప్పుడే విని ఉన్నాడు. అంతా అయ్యాక ఇంకో అనుమానం. లోపలి మెట్ల మీంచి గిన్నె పైకి తెస్తే అది ఇంట్లోంచి ఇంట్లోకే తెచ్చినట్టవుతుంది. అందుకని పెరటి తలుపు తీసుకుని, వానలోకి దిగి, సందు చుట్టూ తిరిగి, వీధి గుమ్మం దగ్గరికొచ్చి, జేబులో తాళంచెవి ఉండగా బెల్ కొట్టాడు.

నేను మెట్లు దిగి తలుపు తీశాను. వాడు నిలువునా తడిసిపోయి గిన్నె పట్టుకుని ఉన్నాడు. వాడి పక్కనే ఇంటావిడ, చర్చి నుంచి తిరిగొచ్చి, తన గిన్నెతో వీడు వానలో ఎక్కడికి పోతున్నాడా అని వెంటబడి వచ్చినట్టుంది, ఏమీ అర్థం కాని మొహంతో గొడుగు పట్టి నిలబడింది. గొడుగు వాడి మీద కాదు, గిన్నె మీద.

“మా ఇంటికాణ్ణించి తెచ్చేను బావా,” అన్నాడు. “వేడి మీద తినీ.”

తిన్నాను. రెండోసారి పెట్టించుకుని కూడా తిన్నాను. ఉప్పు తక్కువైందని గుర్తు. ఆ తర్వాత మధ్యాహ్నం పడుకుని లేచాను, వాన పడుతూనే ఉంది. ఆ రోజుకి నాకు గుర్తున్నది ఇంతే.

శిక్షణ పూర్తిచేసుకుని నేను ఇంటికి చేరేసరికి ఇంటికి వెల్లలు కూడా వేసేశారు. అందరూ ఏడ్చి ఏడ్చి అలిసిపోయి మామూలు మనుషులైపోయారు, నాన్న నన్ను కూర్చోబెట్టుకుని యంత్రాల గురించి అడిగాడు. వాళ్ళ మధ్య నేనొక్కణ్ణీ కొత్తగా మొదలుపెట్టి ఏడవడం ఎలా? అలా వాయిదా పడింది. కన్నతల్లి పోతే కంట తడిపెట్టని కొడుకుననే మాట నాతోనే ఉండిపోయింది, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, రిటైర్మెంటు, అన్నిటి వెనకా అది ఉంది. ఎవరితోనూ అనలేదు.

పక్కింటి పిల్ల పాఠం విన్నాక ఇక ఉండబట్టక మంగళవారం క్యాబ్ ఎక్కి వన్‌టౌన్ వెళ్ళాను. దర్జీ కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు, దాని వెనక ఇంట్లో మా బావ మంచమ్మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఈమధ్య అన్నం తిన్నదీ లేనిదీ మర్చిపోతున్నారని వాళ్ళావిడ గుమ్మంలోనే నాకు చెప్పింది. వాడు మాత్రం నన్ను చూడగానే గుర్తుపట్టాడు. టీ తాగుతూ ఆ వానరోజు సంగతి ఎత్తి, నువ్వంత చేశావు గానీ నాకు ఆ రోజు కంట్లో చుక్క నీరు రాలేదురా, ఇప్పటికీ అదే బాధ అని మొదటిసారి పైకి అన్నాను.

వాడు కప్పు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. “ఏటి బావా అలాగంతన్నావు? ముద్ద నోట్లో ఎట్టుకునే ఏడ్సేవు. గొంతుకడ్డం పడిపోతాదని నాను నీల్ల గలాసు అట్టుకుని నీ పక్కనే ఉన్నాను. ఆ ముసలమ్మ నీ ఏడుపు ఇని పైకొచ్చి, సూసి, తలుపు దగ్గరగా ఏసేసి ఎల్లిపోనాది. నానైతే మర్సిపోలేదు.”

ఎంత తవ్వుకున్నా నాకు అది కనబడటం లేదు. నీళ్ళ గ్లాసు లేదు, తలుపు దగ్గరికి వేసిన చప్పుడు లేదు. వాడు నిజంగా చూశాడో, మతిమరుపులో వేరే ఎవరి ఏడుపో తెచ్చి నాకు అంటగట్టాడో, నా బాధ చూడలేక అప్పటికప్పుడు వండి పెట్టాడో తెలియదు. అడగలేదు కూడా.

ఇప్పుడు ఎవరింట్లో ఏం జరిగినా ఫోన్లో చూపిస్తారు. దేశాంతరంలో ఉన్న పిల్లలు దహనం దాకా కళ్ళారా చూస్తున్నారు, వాళ్ళు ఏడ్చిందీ అందులో ఉండిపోతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకోవచ్చు. నాకు ఆ భాగ్యం లేదు. మా అమ్మ కోసం నేను ఏడ్చానో లేదో చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే మిగిలాడు, వాడికీ రోజురోజుకీ ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. వాడు ఏడ్చావన్నాడు. ఈ వయసులో నమ్మేద్దామనుకుంటున్నాను.